బదులు లైను

జనవరి 19, సోమవారం

పొద్దున్నే తుమ్ములు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి. బస్సులో సగం మంది ముక్కులకి కర్చీఫులు. సీజన్ మొదలైందన్నమాట. ఈ ఘాటు తగలకపోతే నాకు జనవరి వచ్చినట్టే ఉండదు.

ఆఫీసులో కూర్చోగానే ఢిల్లీ మెయిల్. దేశంలో పరిశోధన కేంద్రాలన్నిటినీ కలిపే ప్రభుత్వ నెట్‌వర్కు ఉంది కదా, మా లైను కూడా అందులోదే, దానికి వచ్చే దశ ప్రణాళిక వేస్తున్నారట. ఏ కేంద్రానికి ఏం కావాలో చెప్పమన్నారు. మీ మీ భాషల్లో రాసినా పర్వాలేదన్నారు. మురిసిపోయాను. రెండో పేజీకి వెళ్తే అసలు సంగతి బయటపడింది. ఏడాది సగటు వాడకం తక్కువున్న చోట సొంత లైను తీసేసి మామూలు కనెక్షన్ ఇస్తారట.

సగటు... ఎవరు కనిపెట్టారో దీన్ని.

మా మిరప పరిశోధన కేంద్రం సగటు ఎంతో నాకు తెలీదా? నెట్‌వర్కు చూసేదే నేను. జూన్ నుంచి డిసెంబరు దాకా మా లైను మీద ఈగలు తోలుకోవాలి. జనవరి నుంచి మే దాకా దానికి ఊపిరాడదు. రెండూ కలిపి భాగిస్తే మేం ఉన్నా లేనట్టే.

డైరెక్టర్ సుబ్బారావు గారికి చదివి వినిపించా. "ఏడాది సగటు తీస్తే గుంటూరులో ఎండ కూడా ఉండదమ్మా" అన్నారు. ఇద్దరం బాగా నవ్వాం. ఆ తర్వాత ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ రెండో పేజీ మళ్ళీ చదివించుకున్నారు.

జనవరి 20

సొంత లైను లేని రోజులు గుర్తొస్తున్నాయి. బొబ్బర తెగులు వచ్చి ఆకులు ముడుచుకుపోయిన మొక్కల జన్యువుల లెక్కంతా హార్డ్ డిస్కులో వేసి, అది కదలకుండా టిఫిన్ డబ్బాలో పెట్టి, హైదరాబాద్ బస్సు కండక్టరు చేతికిచ్చేదాన్ని. ఒకాయన అడిగాడు — ఆవకాయేనా మేడం?
కాదండీ, వైరస్ — అన్నా.
పాపం, ఆయన డబ్బాని చటుక్కున సీటు మీద పెట్టేసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.
మళ్ళీ ఆ డబ్బా బతుకు నా వల్ల కాదు.

జనవరి 24, శనివారం

భవాని ఫోను. హాస్టల్లో ఒకే కంచం ఒకే మంచం బాపతు మేమిద్దరం. ఇప్పుడది చీరాల అవతల తీర కేంద్రంలో తుఫాన్ల లెక్కలు చూస్తుంది. వాళ్ళకీ అదే మెయిల్. వాళ్ళదీ అదే ఏడుపు, కాకపోతే తిరగేసి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు వాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు. డిసెంబరు దాటాక ఆ లైను ఖాళీ.

— మీరు గోళ్ళు గిల్లుకునేటప్పుడు మా ప్రాణం పోతుంది కదే.
— మా ప్రాణం పోయేటప్పుడు మీరు గోళ్ళు గిల్లుకుంటారు.
— అయితే బదులు పెట్టుకుందాం.

ఈ ముక్క నేనన్నానా, అదన్నదా? నేనేనని నేను, తనేనని అది. అరగంట దీని మీదే పోట్లాడుకున్నాం. సరే, ఈ పేజీలో మాత్రం నేనే అన్నాను.

బదులు. మా పేటలో ఆ మాట వినకుండా పెరిగిందెవరు? మిరప కోతలప్పుడు ఇవాళ మా కౌలు చెక్కలోకి మీరు, రేపు మీ చెక్కలోకి మేము. ఎవరూ ఎవరికీ కూలి ఇచ్చేది లేదు. సీజన్ అయ్యేసరికి అందరి కాయా ఇంటికి చేరేది. మనుషులకి కుదిరింది లైన్లకి ఎందుకు కుదరదు? మా రెండు లైన్లూ విజయవాడలో ఒకే పెద్ద లైనులో కలుస్తాయి. అక్కడ కాస్త సర్దితే మా ఖాళీ వాళ్ళకి, వాళ్ళ ఖాళీ మాకు.

అన్నం తింటున్నానన్న మాటే గానీ మనసు విజయవాడలో ఉంది. అమ్మ మొట్టింది.

జనవరి 27

తెలుగులోనే రాశాను. కావాలనే. "ఇంగ్లీషులో రాస్తే గొడవ ఉండదు కదా మేడం" అని ఆఫీసులో అందరూ చెప్పి చూశారు. వినలేదు. మన భాషలో రాయొచ్చని వాళ్ళే అన్నాక ఎందుకు వదులుకోవాలి?

రెండే పేజీలు. పైన శీర్షిక —
గుంటూరుకు బదులు తీర కేంద్రం, తీర కేంద్రానికి బదులు గుంటూరు.
రాసి, వెనక్కి వాలి, మళ్ళీ చదువుకున్నా. ఎంత బాగుందో. స్కూల్లో వ్యాసరచనలో ప్రైజు రానందుకు ఇన్నాళ్ళకి కసి తీరింది.

డైరెక్టర్ గారు సంతకం పెడుతూ అడిగారు: "ఈ సీజన్లో మన ఫైళ్ళన్నీ కలిపి ఎన్ని టిక్కీలుంటాయమ్మా?" ఆయనకి ఏ బరువైనా టిక్కీల్లో, అంటే మిర్చి బస్తాల్లో చెప్పాల్సిందే. యార్డు మొత్తం అన్నా. తృప్తిపడ్డారు.

జనవరి 28

పంపేశాను. ఇప్పుడు గోళ్ళు కొరుక్కోవడం నా వంతు.

ఫిబ్రవరి 11, బుధవారం

మంగళగిరిలో సమావేశం. ఈ చుట్టుపక్కల కేంద్రాలన్నీ వచ్చాయి. ఢిల్లీ నుంచి ప్రణాళిక బృందం కన్వీనర్ మీనాక్షి గారు. అరవ ఆవిడ, నూలు చీర, పెద్ద బొట్టు. ఎవరు మాట్లాడినా మధ్యలో ఆపకుండా వింటుంది, అందుకే నచ్చేసింది. నా నోటు ఇంకా అనువాదంలో ఉందట. నేను తెర మీద రెండు రంగుల్లో రెండు గ్రాఫులు చూపించా. ఒకటి లేచినప్పుడు రెండోది పడుకుంటుంది. ఆవిడ పెన్ను కింద పెట్టి చూసింది. "వెరీ ప్రెట్టీ" అన్నది. గ్రాఫుని ఎవరైనా అలా అంటారా? గాల్లో తేలుతున్నా.

మీటింగ్ అయ్యాక భవాని నన్ను చీరల కొట్టుకి లాక్కుపోయింది. దాని పుట్టిల్లు చీరాల్లో మగ్గాల ఇల్లు. మంగళగిరి చీర చేతిలోకి తీసుకుని, అంచు రుద్ది, వెలుతురుకి పట్టి, మూతి తిప్పి... చివరికి రెండు కొనుక్కుంది.
— మా నాన్నకి చెప్పావంటే చంపేస్తా.
— ఏం చెప్పను?
— మంగళగిరి కొన్నానని.

తిరుగు బస్సులో ఒకటే నవ్వులు. మా కేంద్రం నిలబడుతుంది. నాకు నమ్మకం కుదిరింది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

మేం లేము.

ముసాయిదా వచ్చింది. కొనసాగే కేంద్రాల్లో భవాని వాళ్ళది ఉంది. వాళ్ళకి లైను పెంచారు కూడా. మాది లేదు. కింద చిన్న అక్షరాల్లో కారణం — గుంటూరు కేంద్రమే తన స్థానంలో తీర కేంద్రాన్ని కొనసాగించమని సూచించినందున...

మేం ఎప్పుడు సూచించాం?

నీళ్ళు తాగి మళ్ళీ చదివా. అప్పుడు వెలిగింది. గుంటూరుకు బదులు తీర కేంద్రం. ఎవరో శ్రద్ధగా అనువాదం చేశారు. గుంటూరు వద్దు, తీర కేంద్రం చాలు అని. మరి రెండో సగం? తీర కేంద్రానికి బదులు గుంటూరు అని ఉంది కదా? దాన్ని పొరపాటున రెండుసార్లు టైపు అయిందనుకుని కొట్టేశారు.

నా శీర్షిక. నా అందమైన శీర్షిక.

అది పట్టుకుని డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన చదివి, తలెత్తి, "ఆ పదమే దొరికిందా తల్లీ నీకు" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 21

క్యాంటీన్లో గుసగుస. మేడం ఫ్రెండే కదా అక్కడ, చక్కగా కొట్టేసింది మన లైను... నేను కాఫీ తీసుకుని వాళ్ళ బల్ల దగ్గరే కూర్చున్నా. ఎవరూ నోరెత్తలేదు. ఎత్తితే వదిలేదాన్ని కాదు.

భవాని ఫోను ఎత్తగానే ఏడుపు.
— నీ లైను నాకెందుకే, నాకొద్దు. ఒప్పుకోమని రాసేస్తా.
— రాయకు. అప్పుడు ఇద్దరివీ పోతాయి.
— మరెట్లా?
— తెలీదు.
ఉన్నట్టుండి అది ముక్కు చీదుకుంటూ "తెలుగులో రాస్తానని ఎగిరావు కదే" అన్నది. నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. ఇంత జరిగాక నవ్వేంటో మాకు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చి నుంచి వస్తూ అమ్మకి చెప్పాను. నడిరోడ్డు మీద ఆగిపోయింది.
"బదులంటే తెలీదా వాళ్ళకి? వాళ్ళ ఊళ్ళో కోతలుండవా?"
"ఉంటాయేమోనే. మాట వేరుగా ఉంటుంది."
"అయితే ఫోను చేసి చెప్పు. నోరు లేదా నీకు?"
ఉంది. రేపు చేస్తాను.

ఫిబ్రవరి 23, సోమవారం

మీనాక్షి గారితో ఫోను. లైన్లో ఇంకో ఢిల్లీ అధికారి కూడా. గొంతు సవరించుకుని మొదలుపెట్టా. మేము మానేస్తామనలేదండీ, బదులు అన్నాం...
అధికారి కంగారుగా హిందీలో — బద్‌లా? తీర కేంద్రంతో మీకేమైనా గొడవలున్నాయా?
పగ అనుకున్నాడు మహానుభావుడు.
మీనాక్షి గారేమో — మా తమిళంలో బదిల్ అంటే జవాబు. మీరు దేనికో జవాబు అడుగుతున్నారనుకున్నాను.
ఒక్క మాటకి ఒకరు వద్దన్నారని, ఒకరు పగబట్టారని, ఒకరు జవాబని. నా బుర్ర గిర్రున తిరిగింది. ఇక గ్రాఫులూ గీఫులూ పక్కన పెట్టి మా పేట సంగతి చెప్పాను. మిరప కోతలు, మా కౌలు చెక్క, ఎదురింటి వాళ్ళ చెక్క, ఇవాళ వాళ్ళు, రేపు మేము. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. పోయింది, అనుకున్నా.

మీనాక్షి గారు మెల్లిగా — ఇప్పుడు మీ సీజనే కదా?
అవునండి.
అయితే చేసి చూపించండి. తీర కేంద్రం లైను తీసుకోండి, ఇక్కడి నుంచి మేం సర్దుతాం. మే నెలలో పై కమిటీ కూర్చుంటుంది. నడిస్తే ప్రణాళికలో పెట్టి పంపుతాను. తేల్చేది వాళ్ళే.

ఫోను పెట్టేశాను. ఆ తర్వాత లేచి కారిడార్లో పరిగెత్తాను. ఈ వయసులో.

మార్చి 2, సోమవారం

మొదటి రోజు. పదకొండింటికి భవాని ఫోను — ఇచ్చేశాం, చూసుకో.
తెరమీద గీత కాసేపు అలాగే పడుకుని ఉంది. ఉన్నట్టుండి లేచింది. లేస్తూనే ఉంది. డ్రోను తీసిన చేల ఫోటోలు, జన్యువుల ఫైళ్ళు, నెలరోజులుగా పేరుకున్నవన్నీ పూణెలో ఉన్న పెద్ద కంప్యూటరుకి బిలబిలమంటూ పోతున్నాయి. డైరెక్టర్ గారు నా కుర్చీ వెనకాల నిలబడి "టిక్కీలు దిగుతున్నాయమ్మా, దిగుతున్నాయి" అంటున్నారు. ఆఫీసంతా నా గదిలోనే ఉంది. క్యాంటీన్ గుసగుసలవాళ్ళతో సహా. ఎవరో మిరపకాయ బజ్జీలు తెప్పించారు. మా ఆఫీసులో ఏ పండగకైనా అవే.

భవానీకి ఫోను చేస్తే — ఇక్కడ మెయిల్ కూడా నత్తలా ఉందే, అయినా హాయిగా ఉంది.
ఎందుకో అర్థమైంది.

మార్చి 5

చీరాల నుంచి పార్సిల్. రెండు కేజీల జీడిపప్పు. "బదులుకి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టాలట కదా, మరి మాకేది" అని చీటీ. ఇదేం చోద్యం, పెట్టాల్సింది మేమైతే పంపేది అదా. అమ్మ వెంటనే పండుమిరప పచ్చడి జాడీ కట్టించింది.

మార్చి 19

పూణె నుంచి ఫలితాలు. పోయినేడాది అయితే ఇవి వచ్చేసరికి కోతలు అయిపోయి, మొక్కలు పీకేసి ఉండేవి. ఈసారి మొక్కలింకా చేలోనే ఉన్నాయి.

ఒంగోలు అవతల మా ప్రయోగం చేలో బొబ్బర పక్కనే ఉన్నా సోకని మొక్కలు కొన్ని ఉన్నాయట. ఏ వరసలో ఏ మొక్కో కూడా ఆ ఫలితాల్లోనే ఉంది. జీపు కట్టించుకుని వెళ్ళిపోయాం. డైరెక్టర్ గారు ప్యాంటు మడిచి, ఎండని లెక్కచెయ్యకుండా, ఒక్కో మొక్క దగ్గరా ఆగి ఆకు తిప్పి చూస్తున్నారు. చుట్టూ ముడుచుకుపోయిన ఆకులు. మధ్యలో ఒకటి నిటారుగా, చదునుగా, నిండా కాయలతో. ఆయన దానికి ఎర్ర రిబ్బను కట్టి, పక్కనే గట్టు మీద కూర్చుండిపోయారు. వచ్చే ఏడాది రిటైర్మెంటు ఆయనకి. ముప్ఫయ్యేళ్ళుగా వెతుకుతున్న మొక్క ఇలాంటిదే. కళ్ళు తుడుచుకుంటే, కారం చెయ్యి కళ్ళల్లో పెట్టుకోకండి సర్ అని అరిచాను.

"కారం కాదులేమ్మా" అన్నారు.

ఈ విత్తనం రైతు చేతికి వెళ్ళడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ ప్రతి సీజన్లో ఈ పరీక్ష చేస్తూనే ఉండాలి. లైను ఉండాలి.

మార్చి 20

ఇవాళ కూడా సంతోషంగానే ఉంది. రాయడానికి ఇంకేం లేదు.

ఏప్రిల్ 6, సోమవారం

కొత్త ముసాయిదా. ఇంగ్లీషు ప్రణాళిక మధ్యలో, వాలు అక్షరాల్లో — బదులు. అనువదించలేదు. మీనాక్షి గారు కింద రెండు వాక్యాల్లో అర్థం రాసింది. చదివి, మళ్ళీ చదివి, అమ్మకి వినిపించడానికి ఇంటికి ప్రింటు తెచ్చాను. ఎక్కడో అస్సాంలో తేయాకు మీద పనిచేసేవాళ్ళు మాకూ బదులు జోడీ చూడండి అని అడిగారట.

అమ్మ ఆ ప్రింటు పట్టుకుని వాలు అక్షరాలని వేలితో తడిమింది. ఇంగ్లీషు చదవలేదు.
"ఇదేనా?"
"ఇదే."
"మన మాటే?"
"మన మాటే."
"ఎవరు నీళ్ళు పోశారో గానీ మొక్క వాలినట్టు వాలిపోయిందేం ఇట్లా" అంది.

మా పేరు మాత్రం కొనసాగేవాటిలో లేదు. తీసేసేవాటిలోనూ లేదు. "కమిటీ నిర్ణయానికి లోబడి" అని మధ్యలో వేలాడుతోంది. అస్సాంకి మా మాట వెళ్తుంది, మాకు లైను ఉంటుందో లేదో.

ఏప్రిల్ 17

డైరెక్టర్ గారు రోజూ పొద్దున్నే తలుపులోంచి తల పెట్టి — ఏమైనా?
ఏం లేదండి.
తల వెళ్ళిపోతుంది.

ఏప్రిల్ 29

మీనాక్షి గారి ఫోను. కమిటీ సోమవారం కూర్చుంటుంది. ఉత్తర్వు అదే రోజు పంపించేస్తారట. వాళ్ళలో ఇద్దరు ఇంకా సగటే పట్టుకుని ఉన్నారట. "నేను చెప్పాల్సింది చెప్తాను విమలా" అన్నది. గారు లేకుండా పిలిచింది. బాగుంది.

మే 4, సోమవారం

ఎండకి తారు అంటుకుంటోంది చెప్పులకి. ఢిల్లీలో కమిటీ కూర్చుని ఉంటుంది. ఇక్కడ చివరి కోత ఫోటోలు పూణెకి పోతున్నాయి, సగం అయ్యాయి. ఎర్ర రిబ్బను మొక్కలవి కూడా ఇందులోనే.

రెండున్నరకి భవాని. గొంతు వేరుగా ఉంది.
— విమలా, ఏమనుకోకు. బంగాళాఖాతంలో అల్పపీడనం. టైము కాని టైములో. ఇవాళ్టికివాళ లెక్క కట్టకపోతే నాటు పడవలు వేటకి వెళ్ళిపోతాయి... మీ సీజన్ అవ్వలేదని తెలుసు.
— ఎంత కావాలి?
— మొత్తం. మాదీ, మీదీ.

డైరెక్టర్ గారి వైపు చూశాను. వింటూనే ఉన్నారు. తలూపారు.
ఫోటోలు ఆపేశాను. మీనాక్షి గారి మనుషులకి కబురు చేసి మొత్తం అటు తిప్పించేశాను. ఒక్క నిమిషం పని. తెర మీద మా గీత పడుకుంది, భవానీది లేచింది. మంగళగిరిలో చూపించినట్టే, కాకపోతే నెల తప్పి.

మూడుంబావు. ఢిల్లీ మెయిల్ వచ్చింది. "కమిటీ నిర్ణయం — గుంటూరు కేంద్రం." లోపల ఒక్క ముక్కా లేదు, అంతా అటాచ్‌మెంట్లో ఉందట. నొక్కాను. తెరుచుకోదు. ఎలా తెరుచుకుంటుంది, లైనంతా ఇచ్చేశాక? తెర మీద చక్రం గుండ్రంగా తిరుగుతోంది. ఆఫీసు మెయిల్ ఫోన్లో రాదు, భద్రత అని నేనే తాళం వేశాను దానికి. మీనాక్షి గారు ఇంకా మీటింగులోనే, ఫోను ఎత్తడం లేదు.

డైరెక్టర్ గారు వచ్చి నిలబడ్డారు.
— ఏమైనా?
— వచ్చిందండి. తెరుచుకోవడం లేదు.
ఆయనకి అర్థం కావడానికి క్షణం పట్టింది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నాకూ ఆగలేదు.
— ఒక్క నిమిషం భవానీది ఆపి చూడనా సర్?
— పడవలున్నాయి కదమ్మా. ఇచ్చింది ఇచ్చాం.

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేనిది రాస్తున్నా. నాలుగైంది. ఇంకా తిరుగుతూనే ఉంది.